తటస్థం కాని గోడ: నిర్మాణ సామగ్రి, మనోభావం, నైతిక బాధ్యత

తెలుగు నుడికారం మనసును గురించి చెప్పవలసి వచ్చినప్పుడు కట్టడపు సరుకును తరచుగా అరువు తెచ్చుకొంటుంది. దుఃఖాన్ని దిగమింగేవాడు గుండె రాయి చేసుకొంటాడు. కనికరం లేనివాడిది రాతిగుండె, చలించనివాడిది ఉక్కుగుండె. ఎంత ఎదిగినవాడైనా చివరకు మట్టిలో కలుస్తాడు. ఇంత విస్తారమైన వాడుకలో ఇటుకకు మాత్రం చోటు లేదు. ఇటుక గుండె, ఇటుక మనసు అనే మాటలు వినపడవు. రాయీ మట్టీ ప్రకృతి ఇచ్చినవి కాబట్టి వాటి స్వభావాన్ని మనిషికి అంటగట్టడం సులువు. మట్టిని పిసికి, అచ్చు పోసి, కాల్చి మనిషి చేసినది ఇటుక. అందువల్ల అది మనిషి స్వభావానికి ఉపమానంగా కంటే అతని శ్రమకు గుర్తుగానే భాషలో నిలిచిందని భావించవచ్చు. గాజుది మరో దారి. తెలుగు ఇంట్లోకి అది గోడగా రాలేదు, స్త్రీ చేతికి వచ్చింది. గాజులు తొడగడం శుభం, అవి పగలడం అశుభం. భర్త పోయిన స్త్రీ చేతి గాజులు పగలగొట్టే ఆచారాన్ని చూసిన సమాజానికి గాజు కేవలం పారదర్శక పదార్థం కాజాలదు.

కట్టడపు సరుకు మనోభావాన్ని ప్రభావితం చేస్తుందనే మాట నేడు వాస్తుశిల్పులూ మనస్తత్వశాస్త్రజ్ఞులూ తరచుగా అంటున్నారు. ఇటుక వెచ్చదనాన్నిస్తుందని, గాజు మనిషిని దూరం చేస్తుందని, సిమెంటు కుంగదీస్తుందని, మట్టి ఊరటనిస్తుందని ఒక పట్టిక దాదాపు స్థిరపడిపోయింది. ఆ పట్టికలో కొంత నిజం ఉంది. ఆధునిక వాస్తుకళ కంటికి పట్టం కట్టి చర్మాన్ని మరిచిందని యుహానీ పల్లాస్మా 1996లో చేసిన విమర్శను తోసిపుచ్చడం కష్టం. కాని సరుకుకూ భావానికీ మధ్య ఉన్నది కార్యకారణ సంబంధమేనా అన్న ప్రశ్నను ఆ పట్టిక దాటవేస్తుంది. ఆ ప్రశ్న తేలనిదే నైతిక ప్రశ్న తేలదు. భావాన్ని పుట్టించేది గోడే అయితే కట్టినవాడి బాధ్యత ఒక రకం; గోడ మేల్కొలిపేది మాత్రమే అయితే ఆ బాధ్యత మరొక రకం.

ఈ విషయంలో ఎక్కువగా ఉదాహరించే పరిశోధన రోజర్ ఉల్‌రిచ్ 1984లో 'సైన్స్' పత్రికలో ప్రచురించినది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకొన్నవారి రికార్డులను ఆయన పరిశీలించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మందిని, ఇటుక గోడ కనిపించిన 23 మందితో జతలుగా పోల్చాడు. చెట్లను చూసినవారు కొంత త్వరగా ఇల్లు చేరారు, బలమైన నొప్పి మందులు తక్కువగా వాడారు. దీన్నిబట్టి ఇటుక దిగులు పుట్టిస్తుందని చెప్పవచ్చునా? చెప్పరాదు. అది ఏ మార్పూ లేని ఒక్క గోడ మాత్రమేనని, కట్టడాలన్నిటికీ ఈ ఫలితాన్ని వర్తింపజేయరాదని పరిశోధకుడే హెచ్చరించాడు. అంతేకాక ఆ రోగులు ఇటుకను తాకలేదు, దాని నీడన కూర్చోలేదు. కదలలేని స్థితిలో, గాజు పలకకు ఈవల పడుకొని, తాము కోరుకోని గోడను రోజుల తరబడి చూశారు. దిగులు ఇటుకలో ఉందా, కదలలేనితనంలో ఉందా, మరో దృశ్యం లేకపోవడంలో ఉందా అన్నది ఆ లెక్కలు విడదీయలేవు.

తటస్థ ఉద్దీపనం

ఈ చిక్కును విప్పడానికి భారతీయ రసచర్చలో ఒక సాధనం ఉంది. రసనిష్పత్తికి తోడ్పడే విభావాన్ని ఆలంకారికులు ఆలంబనమని, ఉద్దీపనమని విభజించారు. భావం ఎవరిని ఆశ్రయించి కలుగుతుందో ఆ వ్యక్తి ఆలంబనం. కలిగిన భావాన్ని రగిల్చే పరిసరం ఉద్దీపనం. రాచకొండ నేలిన రేచర్ల ప్రభువు సింగభూపాలుడు తన 'రసార్ణవసుధాకరం'లో శృంగార ఉద్దీపనాలను నాలుగు తెగలుగా చెప్పి, చివరి తెగకు తటస్థాలని పేరు పెట్టాడు. వెన్నెల, కోకిల పలుకు, మందమారుతం వంటివి ఆ తెగలోనివి. అయితే ఆ పట్టికలో ప్రకృతి ఒక్కటే లేదు. ధారాగృహం, లతామండపం, భూగేహం, ప్రాసాదగర్భం కూడా ఉన్నాయి. నీటి తుంపరల ఇల్లు, నేలమాళిగ గది, మేడ లోపలి గది మనసును రగిల్చే సాధనాలని తెలుగు నేలమీది ఒక ఆలంకారికుడు గుర్తించి నమోదు చేశాడన్నమాట. నేటి పర్యావరణ మనస్తత్వశాస్త్రం కొత్తగా కనుగొన్నదని చెప్పుకొనే విషయానికి ఇది పాత సాక్ష్యం. ఆ శాస్త్రాన్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. మన పరిభాషలో అది చెప్పనిది కూడా ఒకటి ఉంది.

ఆ చెప్పనిది 'తటస్థ' అనే మాటలోనే ఉంది. ఒడ్డున నిలిచినది, ఏ పక్షమూ వహించనిది అని దాని అర్థం. వెన్నెలకు స్వయంగా శృంగారం లేదు. ప్రియుడు దగ్గరున్న నాయికకు చల్లగా ఉన్న వెన్నెలే విరహిణిని కాలుస్తుందని ప్రబంధ పాఠకులందరికీ తెలుసు. విరహతాపాన్ని వర్ణించే ప్రతి ఘట్టమూ ఈ సూత్రంమీదే నిలుస్తుంది. అంటే ఉద్దీపనం భావాన్ని కొత్తగా పుట్టించదు. లోపల వాసనారూపంలో ఉన్న స్థాయిని కదిలిస్తుంది. ఈ సూత్రాన్ని కట్టడపు సరుకుకు అన్వయిస్తే, ఇటుక వెచ్చనిదా, గాజు చల్లనిదా అన్న ప్రశ్న సగం ప్రశ్నే అవుతుంది. ఎవరి లోపల ఉన్న ఏ సంస్కారాన్ని అది తాకుతున్నదన్నది మిగిలిన సగం.

రెండు ఇళ్ళు

మహాభారతంలో సరుకే కథను నడిపే కట్టడాలు రెండు ఉన్నాయి. ఆదిపర్వంలోని లక్క ఇల్లు ఒకటి, సభాపర్వంలోని మయసభ మరొకటి. రెండూ నన్నయ తెనిగించిన భాగంలోనివే కావడం గమనించదగినది. మన అలంకారశాస్త్ర చర్చలు ఉద్యానాల మీద చూపినంత శ్రద్ధ ఈ రెండింటి సరుకు మీద చూపలేదు.

వారణావతంలో పురోచనుడు కట్టించిన ఇల్లు జనుము, గుగ్గిలం, వెదురు, నెయ్యి, లక్కలతో తయారైంది. చూడటానికి అందమైనది. సంస్కృత మూలంలో ఆ అశుభ గృహానికి శివమని, అంటే శుభమని పేరు. కన్ను మోసపోయింది, పేరు మోసం చేసింది, పట్టిచ్చింది వాసన. లోపల అడుగుపెట్టగానే కొవ్వు, నెయ్యి, లక్క కలిసిన వాసనను పట్టి ధర్మరాజు భీముడికి చెప్తాడు. అయినా ఆ ఇంట్లోనే, ఏమీ తెలియనట్లు, సుమారు ఏడాది ఉంటారు. అదే గోడల మధ్య వారి తోటివారెవరైనా ఉండి ఉంటే హాయిగా నిద్రపోయేవారు. పాండవులకు ప్రతి రాత్రీ కాపలా రాత్రే. సరుకు మారలేదు. దాని సంగతి తెలియడమే భావాన్ని మార్చింది.

మయసభలో తెలియడమూ తెలియకపోవడమూ తారుమారవుతాయి. మయుడు పధ్నాలుగు నెలలు శ్రమించి కట్టిన ఆ సభలో స్ఫటికపు నేల నీరనిపిస్తుంది, నీరు నేల అనిపిస్తుంది. ఇంటివారికి తెలుసు, అతిథికి తెలియదు. దుర్యోధనుడు ఒకచోట బట్టలు ఎత్తిపట్టుకొన్నాడు, మరొకచోట నీటిలో పడ్డాడు. ఇక్కడ ఒక సూక్ష్మభేదాన్ని పాటించాలి. స్ఫటికం అతనికి కలిగించింది భ్రమ మాత్రమే. భ్రమను అవమానంగా మార్చింది నవ్వు. సంస్కృత మూలంలో కథకుడు ఈ సంఘటనను చెప్పేచోట నవ్వినవారు భీముడు, అర్జునుడు, కవలలు, పరిచారకులు. ద్రౌపది నవ్వు దుర్యోధనుడు తండ్రికి తన బాధ చెప్పుకొనేచోట చేరుతుంది. నాటకాలూ సినిమాలూ ఆ రెండో నవ్వునే పట్టుకొన్నాయి. జరిగిన నవ్వుకంటే గుర్తున్న నవ్వు పెద్దదైంది. ఇదంతా ఒక నేల నునుపు వల్ల జరిగిందనడం ఎంత అసంపూర్ణమో, నేలకు ఏ పాత్రా లేదనడం కూడా అంతే అసంపూర్ణం.

ఇదే పొరపాటు మరో గ్రంథంలో మరోలా ముగుస్తుంది. ఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరాలో సబా దేశపు రాణి సులైమాన్ ప్రవక్త సౌధంలో గాజు నేలను నీటిమడుగనుకొని బట్టలు పైకి తీస్తుంది. అది గాజు పరిచిన సౌధమని సులైమాన్ ఆమెకు చెప్తాడు. ఎవరూ నవ్వినట్లు లేదు. ఆమె తన తప్పు తెలుసుకొని దైవం వైపు మళ్ళుతుంది. ఒకే పదార్థం, ఒకే భ్రమ. ఒకచోట ద్యూతానికీ యుద్ధానికీ దారి తీసింది, మరొకచోట విశ్వాసానికి. తేడా గాజులో లేదు, ఇంటివాడి మాటలో ఉంది.

అద్దం, గాజు

గాజు మనిషిని మారుస్తుందని నమ్మి ఉద్యమంగా ప్రచారం చేసినవారున్నారు. 1914లో జర్మన్ రచయిత పౌల్ షేర్‌బార్ట్ గాజు వాస్తుకళ గురించి పుస్తకం రాశాడు. అదే ఏడాది కొలోన్ ప్రదర్శనలో బ్రూనో టౌట్ గాజు మంటపం కట్టాడు. ఇటుక గోడల మూసిన గదుల్లో మూసిన సంస్కృతి పెరుగుతుందని, గాజు వచ్చాక మనిషి నైతికంగా కూడా తెరుచుకొంటాడని వారి ఆశ. కొద్ది సంవత్సరాలకే రష్యన్ రచయిత యెవ్గేనీ జమ్యాతిన్ 'మేము' అనే నవలలో గాజు ఇళ్ళ నగరాన్ని ఊహించి, అక్కడ ప్రతి పౌరుడూ నిరంతరం కనబడుతూ ఉండవలసిన దుస్థితిని చూపాడు. షేర్‌బార్ట్ స్వేచ్ఛను చూసినచోట జమ్యాతిన్ నిఘాను చూశాడు. చూసే హక్కు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నను షేర్‌బార్ట్ వేసుకోలేదు.

ఆ ప్రశ్న ఒక నిజమైన ఇంట్లోనే తలెత్తింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో డాక్టర్ ఎడిత్ ఫార్న్స్‌వర్త్ కోసం మీస్ వాన్ డెర్ రో కట్టి 1951లో ముగించిన గాజు ఇల్లు ఇరవయ్యో శతాబ్దపు వాస్తుకళకు మేలిమి నమూనాగా పాఠ్యగ్రంథాల్లో ఉంది. ఆ ఇంటి యజమానురాలు మాత్రం అందులో తనకు నెమ్మది లేదని, ఎప్పుడూ ఎవరో చూస్తున్నట్లు ఉంటుందని బాహాటంగా చెప్పింది. వాస్తుశిల్పితో న్యాయస్థానం దాకా వెళ్ళింది. చూడవచ్చిన విద్యార్థికి ప్రశాంతంగా కనిపించిన గదే ఉండవలసిన స్త్రీకి బోను అయింది. విమర్శకులు చాలాకాలం ఆమె ఫిర్యాదును సౌందర్యదృష్టి లేమిగా కొట్టివేశారు. సహృదయత లేదన్నారని మన పరిభాషలో చెప్పవచ్చు. ఈ తీర్పు అన్యాయమైనది. ఎందుకన్నది తరువాత చూడవచ్చు.

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత గాజు ముఖాల కట్టడాలు నగరపు కొత్త ప్రతిష్ఠకు చిహ్నాలయ్యాయి. తెలుగులో 'అద్దం' అనే ఒక్క మాట కిటికీ పలకకూ ముఖం చూసుకొనే దానికీ చెల్లుతుంది. ఈ కట్టడాలు ఆ రెండర్థాలనూ వంతులవారీగా చూపుతాయి. పగలు దారిన పోయేవాడికి వాటిలో తన నీడా ఆకాశమూ కనిపిస్తాయి తప్ప లోపలివారు కనిపించరు. చీకటి పడ్డాక లోపలివారు వెలుగులో బయటికి కనిపిస్తారు, వారికి మాత్రం తమ ముఖాలే కనిపిస్తాయి. లోపల వెలుతురుంది, గాలి యంత్రం నుంచి వస్తుంది, కిటికీ తెరుచుకోదు. తాడుకు వేలాడుతూ ఆ పలకలు తుడిచే కార్మికుడికి అవి వెలుగూ కాదు, ప్రతిష్ఠా కాదు. ఎండను అతని ముఖంమీదికి తిప్పికొట్టే గోడలు.

మట్టిమీది మమకారం

గాజును విమర్శించేవారు సాధారణంగా మట్టినీ ఇటుకనూ ఆశ్రయిస్తారు. మట్టిమిద్దె, చుట్టిల్లు, మండువా లోగిలి తలుచుకొని ఆధునిక కథలూ కవితలూ ఎన్నో వచ్చాయి. మట్టి గోడ వేసవిలో చల్లగా ఉంటుందన్నది నిజమే. అయితే మట్టి ఇల్లు ఒకసారి కట్టి వదిలేసేది కాదు. వాన వెలిసినప్పుడల్లా గోడ మెత్తాలి. పండుగకు సున్నం కొట్టాలి, ఎర్రమట్టి పూయాలి. పేడతో నేల అలకాలి, ముగ్గు పెట్టాలి. ఆ ఇంటి ఆత్మీయత మట్టిలోంచి పుట్టిందనడం కంటే ఏటేటా దానిమీద పడిన చేతుల్లోంచి పుట్టిందనడం సరి. ఆ చేతులు దాదాపు ఎప్పుడూ స్త్రీలవే. వంగి అలికిన నడుముకు మట్టి నేల ఏ భావాన్ని ఉద్దీపనం చేసిందో మట్టి ఇంటిని కీర్తించే రచనలు తక్కువగా చెప్పాయి. సిమెంటు గచ్చు వచ్చాక ఆ స్త్రీకి కలిగిన సంతోషాన్ని అభిరుచి పతనంగా చూడటం, ఫార్న్స్‌వర్త్ ఫిర్యాదును కొట్టివేసిన ధోరణికి తోబుట్టువే.

మంచి మనసుతో మట్టిని ఎంచుకొన్నంత మాత్రాన చాలదనడానికి ఈజిప్టులోని న్యూ గుర్నా సాక్ష్యం. హసన్ ఫతీ 1940లలో లక్సర్ సమీపాన పచ్చి ఇటుకలతో, గుమ్మటాలతో ఒక అందమైన గ్రామం కట్టాడు. పాత గుర్నావాసుల్లో ఎక్కువమంది అందులోకి రావడానికి ఒప్పుకోలేదు. వారి జీవనాధారం పాత ఊరి ప్రాచీన సమాధుల చుట్టూ అల్లుకొని ఉండటం ప్రధాన కారణం. గుమ్మటాల ఇళ్ళు గోరీలను తలపించాయన్న మాట కూడా ఉంది. ఫతీకి పేదల ఆత్మగౌరవంగా తోచిన మట్టి, కదలిపొమ్మన్న ఆజ్ఞతో కలిసి వచ్చేసరికి వారికి మరొకలా తోచింది. లారీ బేకర్ కేరళలో పూత లేని ఇటుకతో, జాలీ గోడలతో కట్టిన ఇళ్ళు ఇందుకు భిన్నంగా ఆదరణ పొందాయి. అందులో నివసించబోయేవారితో కూర్చొని, వారి అవసరమూ ఖర్చూ అడిగి గీత గీయడం ఆయన పద్ధతి. అదే ఇటుక పెన్సిల్వేనియా కిటికీలో విసుగు, తిరువనంతపురం గోడలో ఊరట.

ఇటుక ఊరట వెనుక బట్టీ ఉంది. తెలంగాణ జిల్లాల్లోని ఇటుక బట్టీల్లో పనిచేసేవారిలో పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా ప్రాంతాల నుంచి ముందుగా అప్పు తీసుకొని వచ్చే కుటుంబాలు ఎన్నో. భార్యాభర్తలూ పిల్లలూ కలిసి ఒక జట్టుగా మట్టి పిసికి అచ్చు వేస్తారు. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. అప్పుకు మనిషిని కట్టిపడేసే వెట్టిని 1976 చట్టం రద్దు చేసినా బట్టీల నుంచి విడిపించిన కార్మికుల వార్తలు ఆగలేదు. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి ఆత్మతత్త్వం చెప్పడానికి ముందు అగ్నిచయనానికి ఏ ఇటుకలు, ఎన్ని, ఎలా పేర్చాలో చెప్తాడు. ఇటుకను అంత గౌరవంగా లెక్కపెట్టిన సంప్రదాయం కూడా దాన్ని చేసినవాడిని లెక్కపెట్టలేదు. పూత లేని ఇటుక గోడ ముందు కూర్చొని వెచ్చదనాన్ని అనుభవించేవాడి భావం అబద్ధం కాదు. ఆ అనుభవం తటస్థం కాదన్నదే ఇక్కడ చెప్పవలసినది. ఇక రాతి విషయానికి వస్తే, జాషువ 'గబ్బిలం' ఒక్కటే చాలు. గబ్బిలానికి గుడిలో చోటుంది, దానిచేత శివుడికి సందేశం పంపే అరుంధతీసుతుడికి లేదు. భక్తుడికి శాంతాన్ని ఉద్దీపించే రాతి గోడ అతనికి ఏది ఉద్దీపించిందో ఆ కావ్యం పొడవునా వినిపిస్తుంది.

సహృదయుడు, నివాసి

ఇంతవరకు ఉద్దీపన సిద్ధాంతం తోడు వచ్చింది. ఇక్కడ అది ఆగిపోతుంది. కావ్యంలో ఉద్దీపనం సహృదయుడి కోసం ఉంది. అతడు కోరి నాటకానికి వచ్చాడు. సాధారణీకరణం వల్ల దుఃఖం కూడా అతనికి తన సొంత దుఃఖంగా కాక ఆస్వాద్యంగా అందుతుంది. నచ్చకపోతే పుస్తకం మూయవచ్చు, లేచి పోవచ్చు. ఇంట్లో ఉండేవాడికి ఈ మూడూ లేవు. అతడు ఆ గోడను కోరి ఉండకపోవచ్చు. ఆ గోడ కదిలించిన దిగులు సాధారణీకృతం కాదు, అది అతనిదే. లేచి పోవడానికి చోటు లేదు. ఫార్న్స్‌వర్త్‌కు సహృదయత లేదన్న విమర్శ అన్యాయం కావడానికి కారణమిదే: ఆమె ప్రేక్షకురాలు కాదు, నివాసి. నివాసినుంచి ప్రేక్షకుడి స్పందనను డిమాండు చేయడం వర్గదోషం మాత్రమే కాదు, నైతిక దోషం.

దీనికి ఒక బలమైన ఆక్షేపం ఉంది. భావం లోపలి సంస్కారం మీద ఆధారపడితే, కట్టేవాడు ప్రతి నివాసి లోపలినీ ఎలా ఎరుగుతాడు? ఎరగలేని దానికి బాధ్యుడెలా అవుతాడు? భావానికి కట్టేవాడు బాధ్యుడు కాడని ఒప్పుకోవలసిందే. అయితే అడగడానికి అతడు బాధ్యుడు. నివాసి మార్చుకోగల వీలు ఉంచడానికి బాధ్యుడు. మయుడు స్ఫటికం వాడటం దోషం కాదు. ఇది స్ఫటికమని అతిథికి ఎవరూ చెప్పకపోవడం దోషం, నవ్వడం ఇంకా పెద్ద దోషం. తెరుచుకొనే కిటికీ, మేకు దిగే గోడ, రంగు వేసుకోగల పూత వంటి చిన్న విషయాల్లో ఈ బాధ్యత తూకానికి వస్తుంది. 'ఇల్లు కట్టి చూడు' అన్న సామెత కట్టేవాడి కష్టాన్ని ఎరుగును. ఇతరులు కట్టిన ఇంట్లో ఉండి చూసేవాడి సంగతి అందులో లేదు.

ఆ సంగతి రేకుల ఇళ్ళలో అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. సిమెంటు రేకు చవక, తేలిక, ఒక్క పూటలో కప్పు పడుతుంది. మధ్యాహ్నానికి అది కాలుతుంది, వానకు దాని కింద మాట వినపడదు. రేకుల ఇంట్లో ఉండేవారి చిరాకును వారి స్వభావంగా చెప్పడం వినికిడిలో ఉన్నదే. ఏ సిద్ధాంతమూ చదవకుండానే వారు ఆ కప్పును తమ చేతుల్లోకి తీసుకొంటారు. ఎండలు ముదిరేసరికి రేకులమీద తాటాకులో కొబ్బరి మట్టలో పరుస్తారు, తడిపిన గోనెపట్టాలు వేస్తారు, సున్నం పూస్తారు, పందిరి దించి సొర తీగను పైకి పాకిస్తారు. వానాకాలం వచ్చాక ఆకులు కుళ్ళుతాయి, తీసేస్తారు. మళ్ళీ మాఘమాసం దాటాక కొత్త ఆకులకోసం వెతుకుతారు.